ఏరియల్ కింద పలకబిళ్ళ

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మా ఊరి పలకల షావుకారి మనవడు మా ఇంటికి వచ్చి, వాళ్ళ తాతగారి అంబాసిడర్ కారును పైనుంచి కిందిదాకా కొత్తగా చేయించానని, ఇక ఏరియల్ ఒక్కటే మిగిలిందని, మార్కాపురంలో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఎవరో చెప్పారని, నన్ను మోటారు సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషిని ఆ గతుకుల మీద అంత వేగంగా తీసుకుపోవచ్చా అని ఆలోచించే వయసు కాదు వాడిది. కారు మాత్రం నిజంగానే బాగు చేయించాడు. ఏళ్ళ తరబడి షెడ్డులో పరదా కింద పడి ఉండి, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయిన బండికి పాలమీగడ రంగు వేయించాడు, బంపర్లకు మెరుపు పెట్టించాడు. మూడు రకాల ఏరియళ్ళు ఫోన్‌లో తెప్పించి వెనక సీటు మీద పరిచి, వీటిల్లో ఆ కాలందేదో చెప్పమన్నాడు. ఒకటి పోలీసు జీపులకు పెట్టే వంగే కడ్డీ అని, ఇంకొకటి అద్దం పక్కన స్తంభానికి బిగించే రకమని, మడ్‌గార్డు మీద నిలబడే మూడు మడతల గొట్టమే ఈ బండికి సరైనదని చెప్పి, రేడియో చూపించమన్నాను. రేడియోకు మొహం మాత్రమే ఉంది. లోపలి సరుకంతా తీసేసి, ఫోన్‌లో పాటలు వినిపించే చిన్న బోర్డు పెట్టారు. ఏరియల్ తీగ తగిలించడానికి లోపల చోటే లేదు. మరి ఇదెందుకని అడిగితే, పెళ్ళిళ్ళ ఫోటోలకు కారు అద్దెకిస్తున్నాడట, ఏరియల్ లేకపోతే ఫోటోలో పాతకాలపు కళ రావడం లేదట.

సరే, బిగించాను. ఆ బెజ్జం యాభై ఏళ్ళ కిందట నేను వేసిందే, రంగు వేసినవాడు పూడ్చకుండా వదిలేశాడు. ఎక్కడికీ పోని తీగను చుట్టగా చుట్టి మడ్‌గార్డు లోపల కట్టేశాను. పైకి లాగి చూస్తే ఏరియల్ కాస్త బయటికి ఒరిగి ఉంది. కుర్రాడు దూరంగా జరిగి చూసి, అట్లుంటేనే స్టైలు తాతా అన్నాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూచుంటే ముద్ద దిగలేదు. మా ఆవిడ వడదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ కలిపి ఇచ్చింది. వడదెబ్బ కాదు, ఆ ఒరగడం చూసేసరికే నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా నాయన గురించి చెప్పాలి.

మా తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసినా, పెద్దవాళ్ళ నోట కోర్టు అన్నా కలెక్టరన్నా ఇంకా కర్నూలే పలుకుతున్న రోజులవి. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. మన వయసువాళ్ళందరూ ఆ పలకల మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే కానీ, అవి ఎట్లా పుడతాయో చూసినవాళ్ళు తక్కువ. గనిలోంచి వచ్చిన దిమ్మెను నిలబెట్టి, సన్నటి ఉలిని అంచున ఆనించి, సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేస్తే, పొర పొరగా విచ్చుకుంటుంది. ఆ దెబ్బ ఎక్కడ వేయాలో తెలియడానికి పదేళ్ళు పడుతుందని నాయన అనేవాడు. ఆ పదేళ్ళలో లోపలికి పోయిన దుమ్ము సంగతి మాత్రం ఎప్పుడూ అనేవాడు కాదు. నలభై ఐదేళ్ళకే దగ్గు పట్టుకుంది. ఆదివారం ప్రార్థనలో పాట మధ్యలో దగ్గు వస్తే నలుగురికీ ఇబ్బందని, చర్చి బయట మెట్ల మీద కూచుని వినేవాడు. నన్ను మాత్రం రాతి పని దరిదాపులకు రానివ్వలేదు. పదో తరగతి తప్పగానే నా చెయ్యి పట్టుకుని గిద్దలూరు తీసుకుపోయి, రైలు స్టేషను దగ్గర మోటారు ఎలక్ట్రిక్ పనిచేసే ఒక ఉస్తాద్‌కు అప్పగించి వచ్చాడు.

ఆ ఉస్తాద్ నోరు పెద్దది, చెయ్యి మంచిది. ఇంట్లో వాళ్ళతో ఉర్దూ, బండ్లవాళ్ళతో తెలుగు, ఇంజనుతో రెండూ మాట్లాడేవాడు. ఆయన దగ్గర ఏడేళ్ళున్నాను. కారు రేడియోకు ఏరియల్ పెట్టడమంటే బెజ్జం వేసి గొట్టం నిలబెట్టడం కాదని, దాని అడుగు బండి ఇనుముకు గట్టిగా తగలాలని, దాన్నే ఎర్తు అంటారని, అది తగలకపోతే పాట బదులు ఇంజను గోల వినబడుతుందని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో లెక్కలేదు. రంగు గీకు, ఇనుము కనబడేదాకా గీకు అని తలమీద మొట్టి మరీ చెప్పేవాడు. చెప్పించుకున్నంత కాలం అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఒంటరిగా నిలబడ్డాకే మనకెంత వచ్చో తెలుస్తుంది.

ఒంటరిగా నిలబడాల్సిన రోజు ఇట్లా వచ్చింది. మార్కాపురంలో పలకలు ఎగుమతి చేసే షావుకారు కొత్త అంబాసిడర్ కొన్నాడు. నాయన పనిచేసే ఫ్యాక్టరీ ఆయనది కాదు, ఊరికి అవతలి కొసన ఇంకొకరిది. షావుకారి తల్లికి పొద్దున వచ్చే భక్తి పాటలు వినందే కాఫీ దిగేది కాదు, ఆమె కొడుకుతో కలిసి త్రిపురాంతకం దర్శనానికి పోతూ దారి పొడుగునా ఆ పాటలు వినాలని ఆశపడింది. నేను సెలవు మీద ఊళ్ళో ఉన్న సంగతి తెలిసి షావుకారు పిలిపించి, రేడియో పెట్టి చూపించు, పాట సరిగ్గా పలికితే బస్టాండు పక్కన నా గది ఖాళీగా ఉంది, అందులో దుకాణం పెట్టుకో, నా బండ్లన్నీ నీ దగ్గరికే వస్తాయి అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పిన పూట నాయన అన్నం మధ్యలో లేచి వాకిట్లోకి పోయి కాసేపు నిలబడి వచ్చాడు. కొడుక్కి నీడపట్టున పని దొరకాలని ఆయన ఇన్నేళ్ళు ఆ దుమ్ము మింగాడు. అది నాకు తెలుసు, అందుకే నాకు భయం కూడా పట్టుకుంది.

మీటరు గేజీ రైలెక్కి గుంటూరు, అక్కణ్ణుంచి విజయవాడ పోయి ఏరియల్ కొన్నాను. కొట్టువాడు నాలుగు రకాలు చూపించాడు. స్తంభానికి బిగించేదైతే పెద్ద బెజ్జం అక్కర్లేదు, రెండు మరలతో పోతుంది, డ్రైవరు చెయ్యి బయటికి చాచి దించుకోవచ్చు. పని తెలిసినవాడు దాన్నే తీసుకునేవాడు. కానీ షావుకారికి ఏరియల్ మడ్‌గార్డు మీద జెండా కర్రలాగా నిటారుగా, నలుగురికీ కనబడేలాగా ఉండాలి. కాబట్టి మూడు మడతల పొడుగుది తీసుకున్నాను. డబ్బాలో దానితోపాటు కింద ఇనుమును కరిచిపట్టేలా బిగించే పళ్ళ బిళ్ళ ఒకటి, పైన పెట్టే రబ్బరు మెత్త ఒకటి వచ్చాయి. కారు రేడియోకు కూడా పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకోవాల్సిన కాలమని మీకు గుర్తుండే ఉంటుంది, ఆ పుస్తకం ముందే తీయించి సిద్ధంగా పెట్టుకున్నాడు షావుకారు.

కొత్త బండి మడ్‌గార్డుకు బెజ్జం వేయడమంటే ఏమిటో ఆ పనివాళ్ళకే తెలుసు. డ్రిల్లు తిప్పుతుంటే షావుకారి మొహం చూడలేక కళ్ళు దించుకుని తిప్పాను. తీరా నిలబెట్టి చూస్తే గొట్టం రోడ్డువైపుకు ఒరిగి ఉంది. మడ్‌గార్డు అక్కడ వాలుగా ఉంటుంది, డబ్బాలో వచ్చిన రబ్బరు వేరే బండి వాలుకు చేసింది. షావుకారు రెండుసార్లు తల వంకరగా పెట్టి చూశాడు.

మా ఊళ్ళో ఏది ఒరిగినా కింద పలక ముక్క పెడతారు. మంచం కోడు కింద పలక, కుట్టుమిషను కింద పలక, నీళ్ళ తొట్టి కింద పలక. కరెంటు ఫ్యూజులు బిగించే బోర్డు కూడా పలకే, ఎందుకంటే దానిలోంచి కరెంటు పోదు. చిన్నప్పటినుంచి ఇవన్నీ చూసి పెరిగినవాణ్ణి, కరెంటు పోని రాయి అని నోటితో చెప్పగలిగినవాణ్ణి, ఆ రోజు మాత్రం నా బుర్రకు అది తట్టలేదు. నాయన సాయంత్రం షావుకారి ఇంటికి వచ్చి, జొన్నపిండి ముద్ద ఒకటి మడ్‌గార్డు మీద అదిమి, ఆ వంపు అచ్చు తీసుకుని, దీని సంగతి నేను చూసుకుంటాలే నాయనా అని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు పట్టింది ఆయనకు. ఫ్యాక్టరీలో పని ముగిశాక, గని అడుగున దొరికే నల్లటి గట్టిరాయి ముక్కను అడిగి తెచ్చుకుని, ఇంటి ముందు కూచుని ఆకురాయితో అరగదీశాడు. ఒక పక్క మందంగా, ఇంకో పక్క సన్నంగా, మధ్యలో గుండ్రటి బెజ్జంతో రెండు బిళ్ళలు చేశాడు. ఒకటి మడ్‌గార్డు పైన, ఒకటి కింద. రాయి అంచు చేత్తో తడిమితే నున్నగా, ఎక్కడా గరుకు లేకుండా ఉంది. దగ్గు వచ్చినప్పుడు ఆకురాయి పక్కన పెట్టేవాడు, తగ్గాక మళ్ళీ తీసుకునేవాడు. మా అమ్మ ఎందుకీ అవస్థ అని విసుక్కుంటే నవ్వేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు.

ఆ బిళ్ళల మధ్య ఏరియల్ బిగిస్తే గీత గీసినట్టు నిటారుగా నిలబడింది. పళ్ళ బిళ్ళ రాతిని గీరుతుందని నేనే దాన్ని డబ్బాలో వదిలేశాను. ఇంజను ఆపి ఉంచి రేడియో పెడితే కడప కేంద్రం గంట కొట్టినట్టు పలికింది. వాకిట్లో జనం, షావుకారి తల్లి అరుగు మీద కుర్చీలో. నాయన చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ ఒక మూల నిలబడ్డాడు. షావుకారు మెచ్చుకోలుగా నా భుజం తట్టి బండి స్టార్టు చేశాడు. పాట పోయింది. గరగరమని ఒకటే రొద, ఆక్సిలేటర్ తొక్కేకొద్దీ అది ఈలగా మారి చెవులు చిల్లులు పడేలాగా అరిచింది. షావుకారి తల్లి చెవులు మూసుకుంది.

మూడు రోజులు నేను చేయని పని లేదు. డైనమోకు కండెన్సర్ పెట్టాను, కాయిల్‌కు పెట్టాను, ప్లగ్గు తీగలు మార్చాను, రేడియోను విప్పి మళ్ళీ బిగించాను. రొద రొదలాగే ఉంది. షావుకారు రెండో రోజు నుంచి వాకిట్లోకి రావడం మానేశాడు. త్రిపురాంతకం ప్రయాణం ఇంకో రోజు ఉందనగా, సిగ్గు చంపుకుని గిద్దలూరుకు కబురు పంపాను.

ఉస్తాద్ మధ్యాహ్నం బస్సులో దిగాడు. వస్తూనే ఇంజను వేయమని, చెవి ఒగ్గి విని, ఏరియల్ అడుగున ఉన్న ఇత్తడి మరకు స్క్రూడ్రైవరు ఆనించి, దాని మొన మడ్‌గార్డు లోపలి ఇనుముకు తగిలించాడు. రొద ఆగిపోయింది. తీశాడు, మళ్ళీ వచ్చింది. స్క్రూడ్రైవరు అట్లాగే పట్టుకుని నావైపు చూశాడు.

"ఎర్తు ఏదిరా? ఈ పలక ఎవరు పెట్టినారు?"

నాయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, ఆ రోజు పనికి కూడా పోకుండా వచ్చాడు. చుట్టూ షావుకారు, ఆయన గుమాస్తా, డ్రైవరు. మా నాయన చేశాడండీ, ఎంత బాగా చేశాడో చూడండి అని నేను అనాల్సిన చోట, నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. జవాబు నాయనే చెప్పుకున్నాడు.

"నేనే పెట్టినానయ్యా. ఒరగకుండా ఉంటదని."

షావుకారు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, రాళ్ళు కొట్టేవాడికి రేడియో సంగతి ఏం తెలుస్తుందిలే అన్న నవ్వు. ఆ నవ్వుతో నాకు ఒళ్ళు మండిపోయింది, షావుకారి మీద కాదు, నాయన మీద. ఈ మాట రాయడానికి ఈ వయసులో కూడా సిగ్గేస్తోంది. ఉస్తాద్ తన సంచీలో ఏదో వెతుకుతున్నాడు, ఆయన ఏమంటాడో వినకుండానే నేను స్పానర్ తీసుకుని మర విప్పి, రెండు బిళ్ళలూ ఊడబీకాను. కింది బిళ్ళ అంచు ఒకచోట చిట్లింది. వాటిని నాయన చేతిలో పెట్టి, పళ్ళ బిళ్ళ వేసి, ఇనుము కనబడేదాకా రంగు గీకి, గట్టిగా బిగించాను. బండి స్టార్టు చేసినా పాట పాటలాగే ఉంది. ఏరియల్ మాత్రం మళ్ళీ ఒరిగింది, అది ఒరిగిందని షావుకారితో సహా ఎవరూ గమనించలేదు. ఆయన గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను నాయన కోసం చూశాను.

"పనికి అడ్డమైతే తియ్యాల్సిందే కద నాయనా" అని, ఆయన ముందుగా ఇంటికి నడిచాడు.

దుకాణం బాగానే నడిచింది. షావుకారు మాట తప్పలేదు. త్రిపురాంతకం పోయి వచ్చాక ఆయన తల్లి నాకు ప్రసాదం కూడా పంపింది. నాయన అప్పుడప్పుడు వచ్చి బల్ల మీద కూచుని టీ తాగి పోయేవాడు. ఒకసారి పనిచేసుకునే బల్ల కోడు ఊగుతుంటే నేను అట్టముక్క మడిచి కింద పెట్టాను. నాయన ఆ అట్టముక్కను చూశాడు. మా ఊళ్ళో ఏ తండ్రైనా మర్నాడు ఒక పలక ముక్క తెచ్చి పెట్టేవాడు. ఆయన తేలేదు. అట్ట నానిపోతే నేను ఇంకో అట్ట పెట్టుకున్నాను. నా కోసం ఆయన చేత్తో ఏదైనా చేయడం ఇక ఎప్పుడూ జరగలేదు.

రెండేళ్ళకు ఒక లారీ ఓనరు తన బండికి రేడియో పెట్టమన్నాడు. లారీ క్యాబిన్ అంతా కర్ర అని మీకు తెలుసు కదా, ఏరియల్ కర్ర మీద నిలబెడితే ఎర్తు ఎక్కడ దొరుకుతుంది. నేను పెద్దగా ఆలోచించకుండానే జానెడు రాగితీగ కోసి, ఒక కొస ఏరియల్ మరకు చుట్టి, ఇంకో కొస కింద ఛాసిస్ బోల్టుకు బిగించాను. పాట చక్కగా పలికింది. ఓనరు సంతోషపడి వెళ్ళిపోయాడు, నేను మిగిలిన తీగ ముక్క చేతిలో పట్టుకుని అక్కడే కూచున్నాను. ఆ రోజు జానెడు తీగ వేసి ఉంటే నాయన బిళ్ళలు అట్లాగే ఉండేవి. ఏరియల్ నిటారుగా ఉండేది, పాటా పలికేది. ఉస్తాద్ సంచీలో వెతికింది బహుశా ఆ తీగ కోసమే. ఆయన్ను అడగలేదు, అడిగి అవునని అనిపించుకునే ధైర్యం నాకు లేదు.

ఆ సాయంత్రం చెబుదామనే ఇంటికి వచ్చాను. అప్పటికే నాయన పనికి పోవడం మానేసి నెలలైంది. పడుకుంటే ఊపిరి ఆడదని మంచం మీద కూచునే నిద్రపోయేవాడు. నన్ను చూసి పని ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. తప్పు నీ పలకది కాదు నాయనా, నాది అని చెప్పాలి, అది చెప్పాలంటే నువ్వు చేసిందాన్ని ఉంచగలిగి కూడా తీసేశానని ఒప్పుకోవాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. అట్లా ఎన్నో రేపులు గడిచాయి. వానలు మొదలయ్యే ముందు ఆయన పోయాడు.

సమాధి దగ్గర ఫ్యాక్టరీలో ఆయనతో పాటు రాయి చీల్చినవాళ్ళంతా నిలబడ్డారు, అందరిదీ అదే దగ్గు, అందరివీ అవే బూడిద రంగు గోళ్ళు. వాళ్ళల్లో పెద్దాయన, నేను మామా అని పిలిచే మనిషి, మట్టి వేశాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ నాయన పలక మీదనే కద అబ్బోడా షావుకారి కార్లో రేడియా పాడేది. ఎన్ని మార్లు చెప్పినాడో మాకు. కారు పోతాంటే పని ఆపి మరీ చూపిచ్చేటోడు."

మిగతావాళ్ళు తలలూపారు. అవును మామా అన్నాను.

ఆ తర్వాత నాకు ఒకటే పట్టుదల పుట్టింది. ఆ బిళ్ళలు వెతికి, షావుకారిని బతిమాలి, మళ్ళీ ఏరియల్ కింద పెట్టి జానెడు తీగ వేయాలి, నాయన చెప్పింది నిజం చేయాలి. అమ్మను అడిగితే ఆ బిళ్ళలు ఆ రోజు ఇంటికే రాలేదంది. షావుకారి ఇంటికీ మా ఇంటికీ మధ్య దారి పక్కన ఫ్యాక్టరీలు పారబోసిన పలక ముక్కల దిబ్బ ఒకటుండేది. ఒక మధ్యాహ్నమంతా ఆ దిబ్బ మీద వంగి వెతికాను. అన్నీ నల్లటి ముక్కలే, అన్నీ చిట్లిన అంచులే. దేనికీ మధ్యలో బెజ్జం లేదు. అరచేతులు చీరుకుపోయాక లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ దిబ్బ మీద ఇళ్ళు లేచాయి. బస్టాండు పక్కన నా దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. పిల్లలు పలకల మీద రాయడం మానేశారు, కొత్త కార్లకు ఏరియల్ లేదు, ఉన్న ఒక్క ఏరియల్‌కు రేడియో లేదు. ఇవన్నీ పోతాయని నాకు తెలుసు, పోయినందుకు నేను పెద్దగా ఏడ్చిందీ లేదు. ఆ రోజు సమాధి దగ్గర నిలబడ్డవాళ్ళు మాత్రం ఒకరి వెనక ఒకరు అదే దగ్గుతో వెళ్ళిపోయారు, పెద్దాయన కూడా పోయాడు. షావుకారి కార్లో పాట మా నాయన పలక మీదే పలికిందని నమ్మినవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను.